జనవరి లెక్క ఒక్కటే చాలదు సార్

జిల్లా అటవీ అధికారి గారికి నమస్కారం.

మన కాకినాడ దగ్గరి కోరంగి, హోప్ ఐలాండ్ వైపు నీటిపక్షుల్ని జనవరిలో లెక్కపెడతారు. మంచిదే. కానీ చూడాల్సిన సందడి మార్చి, ఏప్రిల్‌లో ఉంటుంది. చలికాలమంతా బూడిదరంగులో ఉన్న కర్లూ శాండ్‌పైపర్ అనే వలస పిట్టకి అప్పుడు మెడ నుంచి పొట్టదాకా ఇటుకరంగు వస్తుంది. వంకర ముక్కుతో బురద పొడుస్తూ, సైబీరియా ప్రయాణానికి ఒంట్లో కొవ్వు పెంచుకుంటుంది.

సముద్రం పోటుకి బురద మునిగితే ఈ పిట్టలన్నీ ఇసుక దిబ్బలెక్కుతాయి. విశ్రాంతి ఆ కాసేపే. అప్పుడే కుక్కలు తరిమినా, ఫొటోల కోసం మనుషులు మీదికెళ్లినా (పక్షుల్ని చూడ్డానికెళ్లే మా బర్డింగ్ వాళ్లూ తక్కువేం కాదు) లేచిపోతాయి, కూడబెట్టిన కొవ్వు కరిగిపోతుంది.

అందుకే ఏప్రిల్‌లోనూ ఒక లెక్క పెట్టించండి. పోటు వేళ దిబ్బల మీదికి సందర్శకుల్ని వెళ్లనివ్వకండి. వేటకెళ్లే మత్స్యకారుల్ని మాత్రం ఆపొద్దు. ఏ దిబ్బ మీద ఏ పిట్ట వాలుతుందో వాళ్లనే అడగండి.

ఇట్లు,
కాకినాడ నుంచి ఒక పక్షి ప్రేమికుడు