నార్త్ కరోలైనా తీర్పు కేరీలో తేలదు

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో 2028 అధ్యక్ష ఎన్నికల్లో నార్త్ కరోలైనా రాష్ట్రం డెమోక్రటిక్ పార్టీ చేతికి వస్తుందని, రాజధాని రాలీ పక్కనున్న కేరీ, మోరిస్‌విల్ ప్రాంతాల్లో మనవాళ్లు పెరగడమే అందుకు కారణమవుతుందని ఈ మధ్య మీ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. నేను ఉండేది ఆ కేరీలోనే. పంతొమ్మిదేళ్లుగా ఇక్కడే ఉన్నాను. పౌరసత్వం వచ్చాక మూడుసార్లు అధ్యక్ష ఎన్నికల్లో ఓటు వేశాను. ఆ పార్టీ ఇక్కడ గెలవగలదనే నా నమ్మకం, గెలవాలనే నా కోరిక. అయితే మీ వ్యాసం చూపించిన దారిలో వెళ్తే మాత్రం గెలవదు. ఆ మాట చెప్పడానికే ఈ ఉత్తరం.

ముందు మనవాళ్ల సంగతి. మా వీధిలో తెలుగు ఇళ్లు పద్నాలుగు. వాటిలో ఓటున్నవి ఐదే. మిగతావాళ్లు హెచ్-1బీ వీసా మీదో, గ్రీన్‌కార్డు వరుసలోనో ఉన్నారు. పదేళ్లు దాటినా ఆ వరుస కదలనివాళ్లూ ఉన్నారు. ఓటున్న ఐదిళ్లలోనూ అందరూ ఒకే పార్టీకి వేస్తారనుకోవడం పొరపాటు. రిపబ్లికన్ నేత జె.డి. వాన్స్ భార్య ఉషా వాన్స్ పూర్వికుల ఊరు పశ్చిమ గోదావరి జిల్లాలో ఉందని సంబరపడి అటు మొగ్గినవాళ్లు నాకు తెలుసు, పన్నుల గురించి ఆలోచించి అటు వెళ్లినవాళ్లూ తెలుసు. కేరీలో వేంకటేశ్వర స్వామి గుడి గోపురం చూసి రాష్ట్రం రాజకీయాన్ని అంచనా వేయకూడదు.

లెక్కలు చూడండి. 1976లో జిమ్మీ కార్టర్ గెలిచాక ఇక్కడ గెలిచిన డెమోక్రాట్ అధ్యక్ష అభ్యర్థి ఒక్కరే. 2008లో ఒబామా. అదీ 14,177 ఓట్ల తేడాతో. ఆ తర్వాత వరుసగా నాలుగు ఎన్నికలు ఓడారు. 2020లో బైడెన్ 74,483 ఓట్లతో అంచు దాకా వచ్చి ఆగిపోయారు. 2024లో కమలా హారిస్ సుమారు 1,83,000 ఓట్లతో ఓడారు. ఈ నాలుగేళ్లలో ఇక్కడికి జనం వచ్చిపడుతూనే ఉన్నారు. రాలీ, కేరీ ఉన్న వేక్ కౌంటీలోనూ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది), షార్లెట్ ఉన్న మెక్లెన్‌బర్గ్ కౌంటీలోనూ ఆమెకు 60 శాతానికి పైగా ఓట్లు పడ్డాయి. అయినా తేడా తగ్గలేదు, రెట్టింపుకు మించి పెరిగింది. నగరాలు పెరిగితే రాష్ట్రం దానంతటదే మారుతుందన్న వాదనకు ఇంతకంటే జవాబు ఏముంటుంది?

అలాగని ఇది రిపబ్లికన్ల కంచుకోట అనీ చెప్పలేం. హారిస్ ఓడిన అదే రోజు, అదే బ్యాలెట్ మీద జాష్ స్టైన్ డెమోక్రటిక్ పార్టీ తరఫున గవర్నరుగా గెలిచారు. (ఇక్కడ గవర్నరంటే జనం ఎన్నుకునే పదవి, మన ముఖ్యమంత్రి లాంటిది.) హారిస్ కంటే ఆయనకు సుమారు మూడున్నర లక్షల ఓట్లు ఎక్కువ వచ్చాయి. ఆయన ప్రత్యర్థి మార్క్ రాబిన్సన్ పాత రాతలు బయటపడి అభాసుపాలు కావడం కలిసొచ్చిందంటారు, నిజమే. మరి అదే పార్టీ నుంచి రాష్ట్ర అటార్నీ జనరల్‌గా (ప్రభుత్వ ప్రధాన న్యాయాధికారిగా) గెలిచిన జెఫ్ జాక్సన్‌కు అలాంటి ప్రత్యర్థి ఎదురుపడలేదు కదా? 2016లో ట్రంప్ ఇక్కడ 1,73,315 ఓట్ల ఆధిక్యం తెచ్చుకున్నప్పుడు, గవర్నరు పదవికి రాయ్ కూపర్ 10,277 ఓట్లతో గట్టెక్కారు. 2020లోనూ ట్రంప్, కూపర్ ఇద్దరూ గెలిచారు.

ఈ క్రాస్ ఓటింగ్ ఇవాళ్టిది కాదు. ఇక్కడ చాలా ఏళ్లపాటు పార్టీ పేరు మీద ఒక్క గుర్తు పెడితే ఆ పార్టీ అభ్యర్థులందరికీ ఓటు పడేది, ఒక్క అధ్యక్ష పదవికి తప్ప. దానికి విడిగా గుర్తు పెట్టాల్సి వచ్చేది. 2013లో చట్టసభ ఆ పద్ధతిని ఎత్తేసింది, కానీ పైన ఒకరికీ కింద ఒకరికీ వేసే అలవాటు జనంలో ఉండిపోయింది. ఏ పార్టీకీ చెందమని నమోదు చేసుకున్న ఓటర్లు 2022 నుంచి ఇక్కడ అందరికంటే పెద్ద వర్గం. ఈ ఓటరు స్టైన్‌కు వేసి హారిస్‌ను ఎందుకు పక్కన పెట్టారు? పార్టీ అడగాల్సిన ప్రశ్న ఇదే. దీనికి జవాబు కేరీలో దొరకదు, తూర్పున దొరుకుతుంది.

ఇక్కడ నా సొంత సంగతి కొంత చెప్పాలి. మాది ప్రకాశం జిల్లా, టంగుటూరు దగ్గర పల్లె. మా నాన్న వర్జీనియా పొగాకు పండించేవారు. మా చిన్నప్పుడు బ్యారన్‌లో (ఆకును వేడితో ఆరబెట్టే కొట్టంలో) ఆకు కాల్చే రోజుల్లో ఆయనకు రాత్రిళ్లు నిద్ర ఉండేది కాదు. వేడి కాస్త అటూఇటూ అయితే పంటంతా పోయినట్టే. ఇక్కడికి వచ్చిన కొత్తలో కేరీ నుంచి తూర్పుగా విల్సన్ వైపు వెళ్తుంటే రోడ్డు పక్కన పాడుబడిన చెక్క బ్యారన్లు కనిపించాయి. కారు ఆపించి దిగి చూశాను. ఎత్తు, ఆకారం, లోపల కర్రలు వేలాడదీసే అడ్డ దూలాలు, అన్నీ మావే అనిపించాయి. ఒకప్పుడు ప్రపంచంలోనే పెద్ద పొగాకు మార్కెట్ మాదని చెప్పుకున్న ఊరది.

2024 అక్టోబరులో రెండు శనివారాలు ఆ పక్క కౌంటీలలో పార్టీ తరఫున ఇళ్ల తలుపులు తట్టడానికి వెళ్లాను. నాష్ కౌంటీలో ఒక పెద్దాయన వరండాలో కూర్చుని ఉన్నారు. నా చేతిలో కరపత్రం చూసి ముఖం తిప్పుకున్నారు. మా నాన్నా బ్యారన్ కాల్చినవారేనని చెప్పాక కుర్చీ చూపించారు. అరగంట మాట్లాడారు. చిన్నప్పుడు తామూ బ్యారన్ దగ్గరే పడుకునేవాళ్లమని, 2004లో ప్రభుత్వం రైతు ఎంత పొగాకు పండించవచ్చో చెప్పే కోటాలు కొనేసి పొగాకు కార్యక్రమం ముగించాక చిన్న రైతులు ఒక్కొక్కరే తప్పుకున్నారని, ఊళ్లో బడిలో పిల్లలు తగ్గిపోయారని చెప్పారు. కూపర్ గురించి అడిగితే "మావాడే" అన్నారు. కూపర్ పుట్టి పెరిగింది ఆ కౌంటీలోనే. హారిస్ పేరెత్తితే, ఆ పార్టీవాళ్లు ఈ వీధికి వచ్చి చాలా ఏళ్లయిందని మాత్రం అన్నారు. ఓటు ఎవరికో చెప్పలేదు, నేనూ అడగలేదు.

2020లో నాష్ కౌంటీ కొద్దిపాటి ఓట్లతో బైడెన్ వైపు నిలిచింది. 2024లో ట్రంప్ వైపు వెళ్లింది. ఆన్సన్, పాస్క్వోటాంక్ కౌంటీలూ అలాగే చేజారాయి. ఆన్సన్‌లో నల్లజాతి జనాభా ఎక్కువ, దశాబ్దాలుగా డెమోక్రాట్లకు పెట్టని కోట. అది కూలిందంటే నగరంలో ఎన్ని అపార్ట్‌మెంట్లు లేస్తే సరిపోతుంది?

రాబ్సన్ కౌంటీ కథ ఇంకా చేదుగా ఉంటుంది. లంబీ ఆదివాసులు, నల్లజాతివారు, తెల్లవారు కలిసి బతికే పేద కౌంటీ అది. లంబర్టన్‌లో కన్వర్స్ బూట్ల ఫ్యాక్టరీ 2001లో మూతపడింది. బట్టల మిల్లులూ పోయాయి. 2016లో మాథ్యూ తుపాను, 2018లో ఫ్లోరెన్స్ తుపాను ఊరిని రెండుసార్లు ముంచాయి. 2012లో ఒబామాకు అక్కడ 58 శాతం ఓట్లు వచ్చాయి. 2020 ఎన్నికలకు పది రోజుల ముందు ట్రంప్ స్వయంగా లంబర్టన్ వచ్చి సభ పెట్టారు. 2024లో ఆయన ఓట్లు అక్కడ 60 శాతం దాటాయి. లంబీలకు ఆదివాసీ తెగగా ఫెడరల్ ప్రభుత్వ పూర్తి గుర్తింపు ఇస్తామని రెండు పార్టీలూ చెప్పాయి. వాళ్ల ఊరికి వెళ్లి చెప్పినవాడి మాట వాళ్లు విన్నారు. ఆయన రాజకీయం నాకు నచ్చదు, కానీ ఆయన అక్కడికి వెళ్లిన మాట కాదనలేను.

డెమోక్రాట్లు ఈ కౌంటీలన్నీ గెలవక్కర్లేదు. కౌంటీ ఓడినా ఎంత తేడాతో ఓడారన్నదే ఇక్కడ ముఖ్యం. నూరు కౌంటీలున్న రాష్ట్రంలో ఒక్కోచోట తేడాను వెయ్యి, రెండు వేల ఓట్ల మేర తగ్గించుకుంటే 2020 నాటి మొత్తం తేడా మాయమైపోయేది. 2008లో ఒబామా బృందం చేసింది అదే. చిన్న ఊళ్లలోనూ ఆఫీసులు తెరిచారు, ముందస్తు పోలింగ్ రోజుల్లోనే పేరు నమోదు చేసుకుని ఓటేసే కొత్త వీలును వాడుకున్నారు. ఆ వీలును 2013లో రిపబ్లికన్ చట్టసభ తీసేసింది. నల్లజాతి ఓటర్లను శస్త్రచికిత్స అంత కచ్చితత్వంతో గురిపెట్టిన చట్టమది అంటూ 2016లో ఫెడరల్ అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. అంటే తూర్పు కౌంటీల ఓటు విలువ అవతలి పార్టీకి బాగా తెలుసు. తెలియనిది మా పార్టీకే.

ఓటు విలువ అంటే గుర్తొచ్చింది. 2024లో రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తి పదవికి ఆలిసన్ రిగ్స్ 734 ఓట్ల తేడాతో గెలిచారు. రెండుసార్లు మళ్లీ లెక్కించినా ఆమె గెలుపే నిలిచింది. ప్రత్యర్థి 60 వేలకు పైగా ఓట్లను సవాలు చేశారు. రికార్డుల్లో డ్రైవింగ్ లైసెన్స్ నంబరో, సోషల్ సెక్యూరిటీ నంబరులో చివరి నాలుగు అంకెలో లేవన్నది వాటిలో చాలావాటి మీద అభ్యంతరం. నిజాయతీగా ఓటేసినవాళ్లు తమ ఓటు ఉంటుందో పోతుందో తెలియక ఆరు నెలలు ఎదురుచూశారు. 2025 మేలో ఫెడరల్ కోర్టు తీర్పు వచ్చాకే అది తేలింది. ఇక్కడ ఓటు హక్కు ఉండి, "మన ఒక్క ఓటుతో ఏమవుతుంది" అని ఇంట్లో కూర్చునే తెలుగు కుటుంబాలకు ఈ 734 అంకె మీ పత్రిక ద్వారా చేరాలని నా ఆశ. ఎవరికి వేస్తారన్నది వాళ్ల ఇష్టం. రికార్డులో తమ వివరాలు సరిగ్గా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోమని మాత్రం చెప్పండి.

అధ్యక్షుణ్ణి తేల్చే ఎలక్టోరల్ ఓట్లు ఈ రాష్ట్రానికి 16 ఉన్నాయి. 2028లో మీ ప్రతినిధి ఎవరైనా ఇటు వస్తే గుడి దగ్గర నలుగురితో మాట్లాడి రాసేయకుండా, నాకు కబురు పెట్టండి. కేరీ నుంచి విల్సన్ గంట ప్రయాణం, నాష్ దాని పక్కనే. కారు నేనే నడుపుతాను. ఆ పెద్దాయన ఇంటి దారి నాకు గుర్తుంది.

— ఒక పాఠకురాలు,
కేరీ, నార్త్ కరోలైనా