ఎండ ఒక్కటే మందు కాదు

సంపాదకులకు,

చర్మంపై పరాన్నజీవి పుండ్లను వెలుతురుతో మాన్పవచ్చని మీరు వేసిన వార్తను మా ఊళ్లో ముగ్గురు తెచ్చి చూపించారు. అలాంటి పుండు మచ్చ నా ఎడమ మోచేతి కింద ఉందని వాళ్లకు తెలుసు. నేను సౌదీలోని అల్ అహ్సాలో తొమ్మిదేళ్లు ఖర్జూర తోటలో పనిచేసి వచ్చినవాడిని.

తోటలో ఆరుబయట పడుకునేవాళ్లం. ఈ పరాన్నజీవిని ఒంట్లోకి ఎక్కించే ఇసుక ఈగ దోమకంటే చాలా చిన్నది, రొద చేయదు. కుట్టిన కొన్ని వారాలకు ఎర్రని పొక్కు లేచి, రూపాయి బిళ్లంత పుండైంది. నొప్పి లేదు. సెలవుపై ఇంటికి వస్తే ఒకరు తామర అన్నారు, ఇంకొకరు షుగరు పుండు అన్నారు. మా అత్తమ్మ కుష్టేమోనని నా కంచం వేరు పెట్టింది. ‘ఎక్కడి నుంచి వచ్చావు?’ అని ఒక్క డాక్టరూ అడగలేదు. తిరిగి వెళ్లాక అక్కడి డాక్టరు పుండు అంచు గీరి, గాజు పలకపై పూసి పరీక్షించి లీష్మేనియాసిస్ అనే ఆ పరాన్నజీవి జబ్బని తేల్చారు. పుండు చుట్టూ యాంటిమొనీ అనే మందు సూదులు వేశారు. ఆ మంట తలచుకుంటే ఇప్పటికీ చెయ్యి వెనక్కి లాక్కుంటాను.

ఫార్మసీ చదివే మా అమ్మాయి కాంతి చికిత్స సంగతి వివరంగా చెప్పింది. ముందు అమైనోలెవులినిక్ ఆమ్లం వంటి మందున్న లేపనం పూయాలట. దానితో అక్కడి కణాల్లో పోర్ఫిరిన్ అనే, వెలుతురుకు స్పందించే పదార్థం పోగవుతుంది. ఆపైన ఎర్రని కాంతి పడితే ఆ కణాలు, వాటిలో దాగిన క్రిములు చస్తాయి. 2006లో ఇరాన్‌లోని ఇస్ఫహాన్ వైద్యులు 60 మందిపై వారానికోసారి, నాలుగు వారాలు చేసి చూస్తే ఈ పుండ్లకు వాడే పారోమోమైసిన్ అనే యాంటీబయాటిక్ లేపనం కన్నా బాగా పనిచేసింది. ఇజ్రాయెల్‌లోనైతే దీపం కూడా లేకుండా, లేపనం రాసి రెండున్నర గంటలు పగటి వెలుతురులో ఉంచారు. అప్పుడూ కొంత మంట ఉంటుందట, సూదులంత కాదేమో.

మీ వార్తలో ఆ లేపనం మాట చివరి పేరాలో ఎక్కడో ఉంది, శీర్షికలో మాత్రం వెలుతురే. రియాద్ నుంచి వచ్చిన మా పక్కింటి కుర్రవాడు అది చదివి, మధ్యాహ్నం పూట చేతి పుండును ఎండకు పెట్టుకుని కూర్చుంటున్నాడు. తొమ్మిదేళ్లు ఎండలో మాడినవాడిని నేను. ఎండే మందైతే ఆ పుండు నన్ను అంటేదే కాదని వాడికి చెప్పాను.

సోమవారం వాడిని పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్నాను. పుండు గీరి పరీక్ష చేయమని నేనే అడుగుతాను. మీరు మళ్లీ ఈ సంగతి రాస్తే శీర్షికలో లేపనం అనే మాట కూడా వేయండి.

— ఒక పాఠకుడు, జగిత్యాల జిల్లా