ఫ్యాన్ ‘డైరెక్ట్’ చేయించే ముందు

సంపాదకులకు,

ఎండలు ముదిరాయంటే మెకానిక్ షెడ్లలో వినపడే మాట ఒకటే: ‘బండి హీటెక్కుతోంది, ఫ్యాన్ తిరగట్లేదు.’ దానికి చాలాచోట్ల జరిగే వైద్యం కూడా ఒకటే. రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు), వేడిని కనిపెట్టే సెన్సరు అన్నీ పక్కనపెట్టి, ఇగ్నిషన్ దగ్గర్నుంచి ఒక వైరు లాగి రేడియేటర్ ఫ్యాన్‌ను ‘డైరెక్ట్’ చేసేస్తారు. తాళం తిప్పగానే ఫ్యాన్ తిరుగుతుంది, పని అయిపోయినట్టే కనపడుతుంది. ఇది రిపేరు కాదు, ప్రమాదం. చిన్న కారు ఫ్యాన్ కూడా నడిచేటప్పుడు సుమారు 8 నుంచి 15 ఆంపియర్ల కరెంటు లాగుతుంది, మొదలయ్యే క్షణంలో దానికి రెండు మూడింతలు. ఇగ్నిషన్ స్విచ్‌లో కరెంటును కలిపే పాయింట్లు, సన్నటి వైరు ఆ కరెంటును తట్టుకోలేవు. మధ్యలో ఫ్యూజు కూడా లేకపోతే వైరు కరిగి బానెట్ కిందే మంట లేవవచ్చు. ఆగకుండా తిరిగే మోటారులో కరెంటును లోపలికి అందించే కార్బన్ ముక్కలు (కార్బన్లు) త్వరగా అరుగుతాయి. ఫ్యాన్‌ను ఆపిన అసలు జబ్బు మాత్రం అలాగే ఉండిపోతుంది.

ఆ జబ్బేమిటో ఇంటి దగ్గరే పట్టుకోవచ్చు. ఒక మల్టీమీటరు, పాత హెడ్‌లైట్ బల్బు, కాస్త ఓపిక చాలు.

ముందు తప్పు ఫ్యాన్‌దేనా అని చూడాలి. 60 కిలోమీటర్ల వేగం దాటాక ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది, ఫ్యాన్‌తో పెద్దగా పని ఉండదు. విజయవాడ బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఇంజిన్ వేడి చూపే ముల్లు పైకెళ్లి, ఊరు దాటగానే దిగిపోతే ఫ్యాన్‌ను అనుమానించండి. హైవే మీద కూడా ఎక్కుతుంటే కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం), దాని దారిని వేడిని బట్టి తెరిచే థర్మోస్టాట్, వాటర్ పంపు, పూడుకుపోయిన రేడియేటర్ వైపు చూడాలి. తిరుమల, శ్రీశైలం ఘాట్లలో వేగం తక్కువ, ఇంజిన్ మీద బరువు ఎక్కువ కాబట్టి ఫ్యాన్ లోపం అక్కడే ముందు బయటపడుతుంది. ఇప్పటి చిన్న కార్లలో చాలావాటికి ముల్లే లేదు. చల్లగా ఉంటే నీలం దీపం, మితిమీరితే ఎర్రదీపం. ఎర్రదీపం వెలిగేసరికే ఆలస్యమైనట్టు.

రెండో పని కూలెంట్ మట్టం చూడడం. దీన్ని వదిలేసి వైర్లు విప్పేవాళ్లే ఎక్కువ. సెన్సరు కూలెంట్‌లో మునిగి ఉంటేనే వేడిని సరిగ్గా చెబుతుంది. మట్టం పడిపోయి సెన్సరు చుట్టూ గాలి చేరితే, ఇంజిన్ కాలిపోతున్నా అది తక్కువ వేడినే చూపిస్తుంది. దాంతో ఫ్యాన్‌కు ఆజ్ఞే అందదు. ఫ్యాన్ బాగానే ఉంటుంది, నేరం దాని మీద పడుతుంది. మూత మాత్రం ఇంజిన్ పూర్తిగా చల్లారి, రేడియేటర్ పై హోసు చేతికి చల్లగా తగిలినప్పుడే తీయండి. లోపల ఒత్తిడి ఉండడం వల్ల 100 డిగ్రీలు దాటినా కూలెంట్ మరగకుండా ఉంటుంది, మూత వదులవగానే ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది. తగ్గిందని బోరు నీళ్లు పోయకండి. వాటిలోని సున్నం రేడియేటర్ గొట్టాల్లో పొరకడుతుంది. చిక్కటి కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం కలిపి పోయాలి. కూలెంట్ విషం, పైగా రుచికి తియ్యగా ఉంటుంది. పిల్లలకు, కుక్కలకు అందనీయకండి.

ఇక ఫ్యాన్ దగ్గరికి. బానెట్ ఎత్తే ముందు కండువా, చున్నీ తీసి పక్కనపెట్టండి. చాలా కార్లలో తాళం తీసేశాక కూడా ఫ్యాన్ ఉన్నట్టుండి తిరుగుతుంది, అందుకే రెక్కల మధ్య చెయ్యి పెట్టాలంటే బ్యాటరీ నెగటివ్ విప్పాల్సిందే.

ఇంజిన్ నడుస్తుండగా ఏసీ పూర్తిగా వేయండి. ఏసీ కంప్రెసర్ ‘టక్’మని పని అందుకున్నాక కొద్దిసేపట్లోనే ఫ్యాన్ తిరగాలి. తిరిగితే మోటారు బతికే ఉందన్నమాట, లోపం వేడిని కనిపెట్టే వైపు ఉంది. కంప్రెసరే అందుకోకపోతే ఏసీలో గ్యాస్ లేకపోవచ్చు, ఈ పరీక్ష అప్పుడు లెక్కలోకి రాదు. కొన్ని బండ్లలో ఏసీ గ్యాస్‌ను చల్లబరిచే కండెన్సర్‌కు వేరే ఫ్యాన్ ఉంటుంది, తిరిగేది ఏదో చూసుకోండి.

ఏసీతోనూ తిరగకపోతే ఫ్యూజు చూడండి. బానెట్ కింద పెట్టెలో సాధారణంగా 30 లేదా 40 ఆంపియర్లది. కాలి ఉంటే అదే నంబరుది వేయండి. మళ్లీ కాలితే మోటారు తిరగకుండా బిగుసుకుపోయిందనో, వైరు ఎక్కడో బాడీకి తగులుతోందనో అర్థం. అంతకన్నా పెద్ద ఫ్యూజు, రాగితీగ ముక్క వేయడం కారును తగలబెట్టుకోవడమే.

ఫ్యూజు బాగుంటే రిలే. పక్కనే హారన్‌కో హెడ్‌లైట్‌కో అదే నంబరు రిలే ఉంటే దాన్ని తీసి ఇక్కడ పెట్టండి. ఫ్యాన్ తిరిగితే కొన్ని వందల రూపాయలతో పని పూర్తయినట్టే. రిలే మీద వేలు పెడితే ‘టిక్’మంది కాబట్టి బాగుందనుకోవద్దు. ఆ చప్పుడు లోపలి కాయిల్‌ది, పాయింట్లు మాడిపోయినా అది వస్తూనే ఉంటుంది. రిలే మార్చినా తిరగకపోతే, తాళం ఆపి ఉంచి, రిలే తీసిన సాకెట్‌లో, రిలే మీద 30, 87 అని రాసి ఉన్న పిన్నులు దిగే చోట్లను ఫ్యూజు ఉన్న మందపాటి వైరుతో కలపండి. ఫ్యాన్ తిరిగితే మోటారు, ఎర్త్, వైరింగు అన్నీ బాగున్నట్టు, రిలేకు వచ్చే ఆజ్ఞే లేదు. కొత్త బండ్లు కొన్నింటిలో రిలేకు బదులు కంట్రోల్ మాడ్యూల్ అనే ఎలక్ట్రానిక్ పెట్టె ఉంటుంది. వాటి మీద ఈ ప్రయోగం చేయకండి.

ఇంకా కదలకపోతే ఫ్యాన్ కప్లర్ (వైర్లను కలిపే ప్లాస్టిక్ జోడు) విప్పండి. ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి, పిన్ను చుట్టూ ఉబ్బి ఉంటే అక్కడ పట్టు వదులై వేడెక్కుతోంది. ఆకుపచ్చ పొర కనపడితే తుప్పు. ఇక్కడ మల్టీమీటరును ఒక్కదాన్నే నమ్మవద్దు. పది పోగుల వైరులో ఒక్క పోగు మిగిలినా మీటరు 12 వోల్టులు చూపిస్తుంది. సాకెట్‌లో ఆ వైరు అలాగే ఉంచి, కప్లర్ రెండు పిన్నులకు హెడ్‌లైట్ బల్బు తగిలించండి. నిండుగా వెలిగితేనే లైను బాగున్నట్టు, మిణుకుమంటే వైరులోనో ఎర్త్‌లోనో లోపం.

బల్బు నిండుగా వెలిగినా ఫ్యాన్ కదలకపోతే మోటారు పోయినట్టే. లైను మళ్లీ కలిపి, రెక్కలకు దూరంగా ఉండి మోటారు వెనక కర్రతో మెల్లగా తట్టండి. తిరగడం మొదలుపెడితే కార్బన్లు అరిగాయి. ఈరోజు తట్టితే తిరిగినా రేపు తిరగదు. మోటారు మార్చాక రేడియేటర్ ముందు గ్రిల్ దగ్గర ఒక కాగితం పట్టుకోండి, అది గ్రిల్‌కు అతుక్కోవాలి. బయటికి ఎగిరితే వైర్లు తారుమారై ఫ్యాన్ వెనక్కి తిరుగుతోంది. తిరుగుతోంది కదా అని చూసి వదిలేసే తప్పు ఇది.

ఫ్యాన్ మామూలు వేడిలో తిరగక, బాగా వేడెక్కాక ఒక్కసారిగా హోరుమంటూ మొదలైతే, రెండు వేగాల ఫ్యాన్లలో తక్కువ వేగం కోసం కరెంటును తగ్గించే రెసిస్టర్ కాలిపోయి ఉండవచ్చు. దానికి మోటారు మార్చక్కర్లేదు.

మిగిలింది సెన్సరు. తాళం ఆన్‌లో ఉంచి కూలెంట్ సెన్సరు కప్లర్ తీయండి. చాలా కార్లలో ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ జాగ్రత్తకోసం ఫ్యాన్‌ను దానంతటదే తిప్పుతుంది. తిరిగితే అనుమానం సెన్సరు మీదికే వస్తుంది. చెక్ ఇంజిన్ దీపం వెలిగితే కంగారుపడకండి, కంప్యూటర్ రాసుకున్న ఆ లోపం కోడ్‌ను తర్వాత చెరిపేయవచ్చు. కారు కంప్యూటర్ లెక్కలను చదివి ఫోన్‌లో చూపే చిన్న ఓబీడీ స్కానర్ ఉంటే ఇంకా సులువు. రాత్రంతా నిలిపిన బండిలో పొద్దున్నే కూలెంట్ వేడి బయటి గాలి వేడికి దగ్గరగా ఉండాలి. మైనస్ 40 చూపిస్తే సెన్సరు వైరో, సెన్సరు లోపలో తెగి ఉంటుంది. ఇంజిన్ నడుస్తుండగా చాలా కార్లలో 95 నుంచి 100 డిగ్రీల దగ్గర ఫ్యాన్ అందుకోవాలి.

దారిలో ఫ్యాన్ పోతే ఏసీ ఆపి, హీటర్‌ను, బ్లోయర్‌ను పూర్తిగా తిప్పి, చోటు దొరకగానే బండి ఆపండి. వేడి ఇంజిన్ మీద చన్నీళ్లు గుమ్మరించకండి. ఇంజిన్ పైభాగాన ఉండే అల్యూమినియం హెడ్ వంగితే రిలే ఖర్చు కాస్తా వేలల్లోకి వెళ్తుంది.

షెడ్డుకు వెళ్లినప్పుడు ‘ఫ్యాన్ తిరగట్లేదు’ అని మాత్రం చెప్పి ఊరుకోకండి. ‘ఫ్యూజు బాగుంది, రిలే మార్చి చూశాం, 30, 87 కలిపితే తిరుగుతోంది, ఆజ్ఞ రావట్లేదు’ అని చెప్పండి. అలా చెప్పిన వాళ్ల బండికి ఎవరూ డైరెక్ట్ వైరు లాగరు.

ఇట్లు,
ఒక ఆటో ఎలక్ట్రీషియన్,
ఆటోనగర్, విజయవాడ