ఈ ఏడు సెల్లార్‌లో ఆవకాయ ఉందా అని అడుగుతున్నవారికి

అందరికీ నమస్తే. ఉగాది వెళ్ళిన దగ్గర్నుంచి రెండే ప్రశ్నలు వస్తున్నాయి. ఈ ఏడు మన సెల్లార్‌లో ఆవకాయ పెడతామా? సూపర్‌మార్కెట్లో మీ సీసా కొన్నాం, రుచి తేడాగా ఉందేంటి? రెండింటికీ మూలం ఒకటే, పోయినేడు మే నెల. ఇన్నాళ్ళూ నాన్చుతూ వచ్చాను, ఇప్పుడు చెప్పేస్తాను.

కొత్తగా చేరినవాళ్ళకి ముందు సంగతి. 2017లో బీటీఎంలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఏడుగురం కలిసి ఆవకాయ పెట్టుకున్నాం. తుని నుంచి రాత్రి బస్సులో కాయలు వేయించాను. బెంగళూరులో ఉన్నాం కదా అని బెంగుళూరా కాయతో ఆవకాయ పెట్టుకోలేం, దానికి పులుపు చాలదు. ఒకరు కాయ కొట్టడం, ఒకరు జీడి తీసి టెంక మీద పొర గీకడం, ఒకరు గుడ్డతో తుడవడం. కొలత మాత్రం మూడో అంతస్తు పిన్నిగారిది: నాలుగు గిన్నెల ముక్కలకి గిన్నెడు ఆవపిండి, గిన్నెడు కారం, ఉప్పు పిసరు తక్కువ. కలపడం అయ్యాక ఖాళీ బేసిన్‌లో వేడన్నం, నెయ్యి వేసి, అంచులకి అంటుకున్న పిండంతా వచ్చేలా కలిపి తలా ఒక ముద్ద చేతిలో పెట్టేవారు. ఎదురింటి కన్నడావిడ మొదటేడు ముద్ద తిని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మరుసటేడు వాళ్ళ మిడి ఉప్పినకాయి, అదే మామిడి పిందెల ఊరగాయ, జాడీ పట్టుకుని మరీ వచ్చింది. అందరూ పట్టుకెళ్ళగా మిగిలిన పన్నెండు కిలోలు అమ్మడంతో నా వ్యాపారం మొదలైంది.

పోయినేడు ఫిబ్రవరిలో ఒక స్టోర్ల కంపెనీ 800 కిలోల ఆర్డరిచ్చింది. ముద్ర లోను 8 లక్షలు తీసుకుని బొమ్మసంద్రలో షెడ్డు అద్దెకి తీసుకున్నాను. ఆశపడ్డాను. అందుకు నాకేం సిగ్గులేదు. నలభై రెండేళ్ళకి నా పేరు మీద లోను, నా సంతకంతో ఆర్డరు. ఆ కాగితం ఎన్నిసార్లు తీసి చూసుకున్నానో మా ఆయనకే తెలుసు.

సిగ్గుపడాల్సింది వేరే ఉంది. మే మొదటి ఆదివారం ఎప్పట్లాగే సెల్లార్‌లో అని ఏప్రిల్‌లో నేనే చెప్పాను. ఆ వారం కాయలు సరిగ్గా దిగలేదు, వచ్చిన లోడంతా షెడ్డుకి మళ్ళించాను. గ్రూపులో మెసేజ్ పెట్టాలన్న ధ్యాస పదకొండింటికి గానీ రాలేదు. అప్పటికి పంతొమ్మిది మంది జాడీలు కడిగి ఎండబెట్టుకుని, పీటలేసుకుని రెండు గంటలుగా కూర్చున్నారు. పిన్నిగారు ఫోన్‌లో ఒక్కటే అడిగారు: "అయితే అక్కడ ఉప్పెవరు చూస్తున్నారమ్మాయ్?"

ఎవరూ చూడలేదు. కడిగిన కాయ ఆరకముందే మెషీన్‌లో వేసేశారు. ఆవకాయకి తడి తగిలితే ఇంకేముంది, జూలైలో 140 సీసాలు బూజుపట్టి వెనక్కొచ్చాయి. అప్పట్నుంచి స్టోర్ సరుకులో సోడియం బెంజోయేట్ వేస్తున్నాం. కిలోకి 250 మిల్లీగ్రాముల వరకు వేయొచ్చని రూలుంది, మేం అంతకు లోపే వేసి లేబుల్ మీద రాస్తున్నాం. మీ నాలుకకి తగిలిన తేడా మాత్రం నూనెది. ధర సరిపెట్టడానికి పప్పునూనెలో, అంటే నువ్వుల నూనెలో, వేరుశనగ నూనె కలుపుతున్నాం.

ఆ ఆదివారం తర్వాత నలుగురు గ్రూపులోంచి వెళ్ళిపోయారు. అందులో ఒకావిడ సొంతంగా పచ్చళ్ళు మొదలుపెట్టింది. మొదట్లో కడుపుమంటగానే ఉండేది. కానీ మాగాయ ఆవిడదే బాగుంటుంది, తిని చూశాను. ఇక మాగాయ నేను చేయను, కావాలంటే ఆవిడ నంబరిస్తాను.

స్టోర్ ఆర్డరు వదలడం లేదు. లోను ఇంకా నాలుగేళ్ళుంది, పైగా నాకది కావాలి కూడా. 2025 ఆగస్టులో మెట్రో యెల్లో లైన్ మొదలయ్యాక సిల్క్‌బోర్డు ట్రాఫిక్ బాధ తప్పింది, బీటీఎంలో ఎక్కి బొమ్మసంద్రలో దిగుతున్నాను. కాయ తుడిచే చోట ఇప్పుడు నేనే నిలబడుతున్నాను. మీ ఇళ్ళకి పంపే ఆవకాయ మాత్రం పూర్తిగా పప్పునూనెతోనే. కిలోకి 60 రూపాయలు పెంచక తప్పడం లేదు. పొడులు, వడియాలు ఆపేస్తున్నాను. చేతులు చాలడం లేదు.

సెల్లార్ ఉంది. మే 2, 3, శని ఆదివారాలు. ఆ రెండు రోజులూ షెడ్డుకి తాళం. కాయలకి సగం డబ్బు ఇప్పుడే కట్టేశాను, అవి నేరుగా సెల్లార్‌కే దిగుతాయి. కాయ, కారం, నూనె ఖర్చు అందరం పంచుకుందాం, అందులో నాకు లాభం ఉండదు. మూడో రోజు తిరగకలపడం ఎవరింట్లో వాళ్ళదే.

నిన్న పిన్నిగారింటికి వెళ్ళొచ్చాను. కాఫీ ఇచ్చారు, ఎక్కువ మాట్లాడలేదు. గుమ్మం దాకా వచ్చి, కళ్ళుప్పు ముందే ఎండబెట్టి దంచి పెట్టమని మాత్రం అన్నారు. ఉప్పు మేడ మీద ఎండుతోంది. బేసిన్‌లోకి అన్నం, నెయ్యి ఎవరు తెస్తారో గ్రూపులో చెప్పండి.