మూలమట్టం ఫరోలది కాదు, మేస్త్రీలది

సంపాదకులు గారికి,

గత ఆదివారం మీ అనుబంధంలో ఫ్రీమేసన్ల మీద, అంటే తాపీపనివారి పనిముట్లను గుర్తులుగా పెట్టుకున్న సోదర సంఘం మీద, వచ్చిన వ్యాసం చదివాను. ఆ సంఘం పిరమిడ్ల కాలంలో పుట్టిందని, సొలొమోను ఆలయ రహస్యాలు శిలువ యుద్ధాల నాటి టెంప్లార్ యోధుల ద్వారా దానికి దక్కాయని, మూలమట్టం, వృత్తలేఖిని గుర్తులు ఈజిప్టు పూజారులవని రాశారు. ‘అని నమ్ముతారు’ అన్న మాట ఒక్కచోటైనా లేదు. నేను ముప్పై ఏళ్లు బడిలో చరిత్ర చెప్పినవాణ్ణి, తాపీమేస్త్రీ కొడుకును. ఊరుకోలేక రాస్తున్నాను.

మా నాన్న గోనెసంచిలో తాపీ, రసమట్టం, దారానికి కట్టిన ఇత్తడి గుండు, అంచులు అరిగిన ఇనుప మూలమట్టం ఉండేవి. గోడ మూల తిరిగేచోట మూలమట్టం ఆనించి చూసేవారు. సందులోంచి వెలుతురు కనబడితే చాలు, వేసిన ఇటుక తీసేయించేవారు. ఫ్రీమేసన్ల గుర్తులో ఉన్నది ఈ పనిముట్టే. దాని పుట్టుక వెతకడానికి ఫరోల దాకా ఎందుకు పోవాలి?

కాగితం మీద దొరికే ఆధారాలు స్కాట్లాండులో ఉన్నాయి. రాజు ఆరవ జేమ్స్ కొలువులో కట్టడాల అధికారి విలియం షా 1598లో రాతిపనివారికి నిబంధనలు రాశాడు. పనివాణ్ణి తమలో చేర్చుకున్నప్పుడు అతని పేరును, రాతి మీద అతను చెక్కే సొంత గుర్తును పుస్తకంలో ఎక్కించాలి. పరంజా గట్టిగా కట్టించాలి. మేస్త్రీ అశ్రద్ధ వల్ల పనివారికి దెబ్బ తగిలితే ఇక అతనికి మేస్త్రీగా పని ఒప్పుకునే హక్కు ఉండదు. ఎడింబరో లాడ్జి, అంటే అక్కడి రాతిపనివారి సంఘం, సమావేశాల మినిట్స్ 1599 నుంచి ఉన్నాయి. ఉలి పట్టని పెద్దమనుషులు చేరడం ఆ తర్వాతి సంగతి. ఇంగ్లండు పండితుడు ఇలియాస్ ఆష్మోల్ తాను 1646 అక్టోబరు 16న వారింగ్టన్‌లో చేరినట్లు డైరీలో రాసుకున్నాడు. లాడ్జీలకు పైసంఘమైన లండన్ గ్రాండ్ లాడ్జి 1717లో ఏర్పడిందన్న మాట కూడా 1738లో జేమ్స్ ఆండర్సన్ అనే మేసన్ రాసినదాన్ని బట్టే ప్రచారమైంది. అది 1721లో అని వాదించే చరిత్రకారులూ ఉన్నారు. మూడు వందల ఏళ్ల నాటి తేదీ మీదే ఇంత తర్జనభర్జన నడుస్తుంటే, వేల ఏళ్ల కిందటి పుట్టుకను మీ వ్యాసం ఒక్క వాక్యంలో తేల్చేసింది.

ఐతిహ్యాలను నేను తీసిపారేయడం లేదు. 1400 ప్రాంతంలో ఇంగ్లండులో రాసిన రాతిపనివారి రీజియస్ పద్యంలోనే, రేఖాగణితం రాసిన యూక్లిడ్ ఈజిప్టులో ఈ విద్య నేర్పాడని ఉంది. మన శిల్పులు విశ్వకర్మను తలచుకున్నట్లే, వారూ తమ పనికి గొప్ప మూలపురుషుణ్ణి చెప్పుకున్నారు. అందులో నాకు గౌరవమే కనిపిస్తుంది. ఆండర్సన్ 1723లో ఆ వరసను ఆదాము దాకా తీసుకుపోయాడు. అప్పటికి ఈజిప్టు చిత్రలిపి చదవగలిగినవారు లోకంలో ఎవరూ లేరు. ఫ్రెంచి పండితుడు షాంపోలియన్ దాని గుట్టు విప్పింది 1822లో. టెంప్లార్ల సంఘాన్ని పోపు 1312లోనే రద్దు చేశాడు. మేసన్లను శిలువ యుద్ధ వీరులతో ముడిపెట్టిన ప్రసంగం 1730ల్లో ప్యారిస్‌లో రామ్సే అనే మేసన్ తయారుచేసింది. మేసన్లు చెప్పుకునే, సొలొమోను ఆలయ శిల్పి హీరాము హత్య కథ అచ్చులో కనిపించేది 1730లో. బైబిల్లో హీరాము ఇత్తడి పనిలో నేర్పరి. అతన్ని చంపినట్లు అక్కడ లేదు.

వ్యాసం పక్కన హైదరాబాదు గోషామహల్ బారాదరి ఫొటో వేశారు. మేసన్లు కలుసుకునే ఆ భవనం కుతుబ్‌షాహీల నాటిది, లండన్ గ్రాండ్ లాడ్జి కన్నా పాతది. నిజాముల కాలంలో అది మేసన్ల చేతికి వచ్చింది. ఆ సంగతి ఫొటో కింద రాయకపోతే, గోడల వయసంతా సంఘం వయసేనని చదివేవారు అనుకుంటారు.

వచ్చే ఆదివారం అదే పేజీలో షా నిబంధనల గురించి నాలుగు వాక్యాలు వేయండి. పరంజా నిబంధన మాత్రం తప్పక వేయండి. మా నాన్న పరంజా విరిగి పడి, ఆరు నెలలు మంచాన ఉన్నారు. పని చేయించుకున్నవారు ఒక్కసారి కూడా మా గడప తొక్కలేదు.

– విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు, తెనాలి