ఆ ఇంజనీర్ గారి మాట నమ్మొచ్చా అని అడిగావు కదా

విజయనగరం

ఒరే పైడిరాజూ,

బావున్నావా? చెల్లెమ్మ, పిల్లలు కులాసాయే కదా? ఇక్కడ అమ్మకి మోకాళ్ళ నొప్పి తప్ప అందరం బాగానే ఉన్నాం. మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి రెండు ముక్కల్లో జవాబు చెప్పబుద్ధి కాలేదు, అందుకే ఉత్తరం రాస్తానన్నాను. పెద్దదే అవుతుంది, తీరిగ్గా చదువు.

భూమి వేడెక్కడం బూటకం, ఈ క్లైమేట్ సైంటిస్టుల్లో చాలామందికి ఆ సబ్జెక్టులో డిగ్రీయే లేదు, ఫండ్స్ కోసం జనాన్ని భయపెడుతున్నారు అని మీ అపార్ట్‌మెంట్‌లో రిటైర్డ్ ఇంజనీర్ గారు అన్నారన్నావు. పెద్దాయన, చదువుకున్నాయన, ఎదురుచెప్పడానికి నీకు నోరు రాలేదు. ఇంటికొచ్చాక మాత్రం మనసులో పీకుతూనే ఉందట. "అసలు ఎవర్ని క్లైమేట్ సైంటిస్ట్ అనాలిరా, వాళ్ళ మాట ఎందుకు నమ్మాలి?" అన్నావు. ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పుకునేవాడిని, ఇంత సూటిగా అడిగేవాళ్ళు నాకు దొరకరు. చాలా సంతోషమేసింది.

డిగ్రీ సంగతి ముందు చూద్దాం. ఆయన మాటలో కొంత నిజం ఉంది. మన పక్కనే ఆంధ్రా యూనివర్సిటీలో మెటియోరాలజీ (వాతావరణ శాస్త్రం), ఓషనోగ్రఫీ (సముద్ర శాస్త్రం) డిపార్ట్‌మెంట్ ఉంది, అక్కడ చదివి ఈ రంగంలోకి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. కానీ ఈ శాస్త్రాన్ని కట్టినవాళ్ళలో ఎక్కువమంది పక్క గుమ్మాల్లోంచి వచ్చినవాళ్ళే. ఫిజిక్స్, కెమిస్ట్రీ, జియాలజీ, లెక్కలు, ఇంజనీరింగ్, ఎక్కడెక్కడి నుంచో వచ్చారు.

గిల్బర్ట్ వాకర్ అని ఒకాయన ఉండేవారు. కేంబ్రిడ్జిలో లెక్కల్లో ఫస్టు వచ్చిన మనిషి. వాతావరణ శాస్త్రం చదివినవాడు కాదు. అలాంటాయన్ని తెచ్చి 1904లో మన భారత వాతావరణ శాఖకి పెద్దని చేశారు. (1913లో మద్రాసు వచ్చినప్పుడు రామానుజన్ లెక్కల కాగితాలు చూసి, ఈ కుర్రాడికి సాయం చెయ్యండి అని యూనివర్సిటీకి ఉత్తరం రాసింది కూడా ఈయనే.) రుతుపవనాలు ఏ ఏడు ఎగ్గొడతాయో ముందే చెప్పగలమా అన్నది ఆయన ముందున్న పని. వర్షం దేనివల్ల తగ్గుతుందో తెలియనప్పుడు ఏం చెయ్యాలి? గుమాస్తాలని కూర్చోబెట్టి ప్రపంచంలోని నానా ఊళ్ళ గాలి పీడనం, వాన, ఉష్ణోగ్రతల పట్టికలన్నీ ఒకదానితో ఒకటి పోల్చి చూడటం మొదలుపెట్టారు. ఏళ్ళ తరబడి లెక్క కట్టగా, పసిఫిక్ మీద పీడనం పెరిగినప్పుడు హిందూ మహాసముద్రం మీద తగ్గుతోందని, అక్కడ తగ్గితే ఇక్కడ పెరుగుతోందని బయటపడింది. దానికి సదరన్ ఆసిలేషన్ అని పేరు పెట్టారు. ఎందుకలా జరుగుతుందో ఆయన చెప్పలేకపోయారు, తోటి శాస్త్రజ్ఞులు చాలామంది ఒప్పుకోలేదు కూడా. 1969లో బ్యెర్క్‌నెస్ అనే వాతావరణ శాస్త్రజ్ఞుడు దాన్ని పసిఫిక్ నీళ్ళు మామూలుకంటే వేడెక్కే ఎల్ నినోతో కలిపి చూపించాకే ఆ ముడి వీడింది. ఇవాళ టీవీలో "ఎల్ నినో వస్తోంది, వానలు తగ్గొచ్చు" అంటే మన రైతులు టెన్షన్ పడుతున్నారంటే, దాని వెనక ఆ లెక్కల మాస్టారు ఉన్నారు.

ఇంకొకాయన మనవాడే, వీరభద్రన్ రామనాథన్. ఇంజనీరింగ్ చదివి సికింద్రాబాద్‌లో ఫ్రిజ్‌ల కంపెనీలో చేరారు. ఫ్రిజ్‌లోని గ్యాస్ ఎందుకు లీకవుతోందో చూడటం ఆయన పని. తర్వాత బెంగళూరు, అక్కణ్ణుంచి అమెరికా. ఆ ఫ్రిజ్ గ్యాసులు గాల్లో కలిస్తే ఒక్కో అణువు కార్బన్ డయాక్సైడ్ అణువుకి వేల రెట్లు వేడిని పట్టి ఉంచుతుందని 1975లో లెక్క కట్టి చూపించారు.

మీ ఇంజనీర్ గారికి ఇష్టమయ్యే మనిషి ఇంకొకరున్నారు. గై కాలెండర్, ఇంగ్లండ్‌లో ఆవిరి యంత్రాల ఇంజనీర్. డిగ్రీ ప్రకారం ఈ రంగానికి పూర్తిగా బయటివాడు. 1938లో 147 వాతావరణ కేంద్రాల రికార్డులు కూర్చి, భూమి వేడెక్కుతోంది, బొగ్గు కాల్చడం దీనికి కారణం అన్నాడు. అదీ ఎక్కడ? లండన్‌లో రాయల్ మెటియోరలాజికల్ సొసైటీలో, తనని అనుమానంగా చూస్తున్న పెద్దల ఎదట నిలబడి చదివాడు. వాళ్ళు గట్టిగానే ఆక్షేపించారు. ఆయన ఆ అభ్యంతరాలు విని, మళ్ళీ లెక్కలకి కూర్చున్నాడు. ఇప్పుడు ఆ లెక్కని ఆధునిక పద్ధతుల్లో చూసినా పెద్దగా తేడా రావడం లేదు.

కాబట్టి ఇంజనీర్ అన్న కారణంగా ఎవర్నీ తోసిపుచ్చకూడదు రా. నేను అడిగేది ఒక్కటే. నువ్వు కొలిచిందేమిటి, లెక్క కట్టిందేమిటి, దాన్ని తప్పు పట్టగలిగినవాళ్ళ చేతిలో పెట్టావా లేదా? తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు అంటారు కదా, ఆ తలదన్నేవాడి దగ్గరికి తన కాగితం తనే పట్టుకెళ్ళినవాడు నా దృష్టిలో శాస్త్రజ్ఞుడు. ఏదైనా పరిశోధన పత్రికకి పంపితే ఇద్దరు ముగ్గురు పేరు చెప్పకుండా దాన్ని చీల్చి చెండాడతారు. అచ్చయ్యాక అసలు పరీక్ష మొదలవుతుంది, ప్రపంచంలో ఎవరైనా ఆ లెక్కని మళ్ళీ చేసి చూడొచ్చు.

అలా చెయ్యనివాళ్ళకి ఎంత పెద్ద బిరుదున్నా ఈ విషయంలో ఉపయోగం లేదు. ఐవర్ గేవర్ అని 1973లో ఫిజిక్స్ నోబెల్ వచ్చినాయన, సూపర్ కండక్టర్ల మీద ఆయన చేసిన పనికి చేతులెత్తి దణ్ణం పెడతాను. ఆయన 2012లో జర్మనీలో నోబెల్ గ్రహీతలు కలుసుకునే లిండావ్ సభలో భూమి వేడెక్కడాన్ని కొట్టిపారేస్తూ మాట్లాడారు. ఈ విషయం మీద ఒక పూట, మహా అయితే ఒక రోజు గూగుల్‌లో చదివానని ఆ ఉపన్యాసంలోనే చెప్పారు. నోబెల్ పక్కన ఆ ఒక్క పూటని పెట్టి చూస్తే, ఈ సబ్జెక్టులో నాకు ఆ పూట ఒక్కటే లెక్కలోకి వస్తుంది.

"మరి ఈ క్లైమేట్ సైంటిస్టులు తప్పులు రాయలేదా?" అని మీ ఇంజనీర్ గారు తప్పకుండా అంటారు. రాశారు. వాతావరణ మార్పు మీద నివేదికలిచ్చే ఐక్యరాజ్యసమితి సంస్థ ఐపీసీసీ 2007 నివేదికలో హిమాలయాల్లో గ్లేసియర్లు (మంచునదులు) 2035కల్లా మాయమైపోవచ్చని ఒక వాక్యం దొర్లింది. దానికి సరైన ఆధారం లేదు. ఎక్కడో పత్రికలో వచ్చిన మాట ఒక స్వచ్ఛంద సంస్థ నివేదికలోకి, అక్కణ్ణుంచి ఇందులోకి ఎక్కేసింది. 2009లో మన జియలాజికల్ సర్వేలో పనిచేసి రిటైరైన వి.కె. రైనా గారు, గ్లేసియర్లు అలా కరిగిపోతున్నాయనడానికి ఆధారాలు కనపడటం లేదని రిపోర్టు ఇచ్చారు. అప్పటి ఐపీసీసీ ఛైర్మన్ పచౌరీ గారు దాన్ని చేతబడి శాస్త్రం అన్నట్టు ఈసడించారు. చివరికి 2010 జనవరిలో ఐపీసీసీ ఆ వాక్యం తప్పని ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆ ఈసడింపు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. పచౌరీ గారు రైల్వే ఇంజన్ల ఇంజనీర్, ఆర్థికశాస్త్రం చదివినాయన, సంస్థకి ఛైర్మన్. గ్లేసియర్ ఎక్కి కొలిచినవాడు ఆయన కాదు. కుర్చీ వేరు, కొలత వేరు. తప్పు పట్టింది కూడా గ్లేసియర్ల సంగతి తెలిసిన శాస్త్రజ్ఞులే అన్నది నువ్వు గమనించాలి.

ఇక మన ఊళ్ళ సంగతి. ఉద్దానంలో మా మావయ్య గారి కొబ్బరితోట నీకు గుర్తుండే ఉంటుంది. 2018 అక్టోబర్ 11 తెల్లారేసరికి తిత్లీ తుఫాను ఆ చెట్లని వేళ్ళతో సహా పడేసింది. అప్పట్నుంచీ ఆయన ఒకటే మాట, "క్లైమేట్ మారిపోయింది, తుఫాన్లు ఎక్కువైపోయాయి". తోట పోగొట్టుకున్న మనిషి, ఆ మాట రావడంలో వింతేం లేదు. కానీ కేంద్ర భూ విజ్ఞాన శాఖ 2020లో తెచ్చిన నివేదికలో ఏముందో తెలుసా? గత శతాబ్దం మధ్య నుంచి చూస్తే మన చుట్టూ సముద్రాల్లో తుఫాన్ల సంఖ్య మొత్తం మీద తగ్గింది. రుతుపవనాల తర్వాత వచ్చే అతి తీవ్ర తుఫాన్లు మాత్రం 2000 నుంచి 2018 మధ్య పెరిగాయి. 1901 నుంచి 2018 దాకా దేశంలో సగటు ఉష్ణోగ్రత 0.7 డిగ్రీలు పెరిగింది. హిందూ మహాసముద్రం పైనీళ్ళు 1951 నుంచి 2015కి దాదాపు 1 డిగ్రీ వేడెక్కాయి. ఇవన్నీ ఒకే పుస్తకంలో ఉన్నాయి. భయపెట్టి డబ్బు తెచ్చుకునేవాళ్ళే అయితే "తుఫాన్ల సంఖ్య తగ్గింది" అని ఎందుకు రాస్తారు? ఏది ఎంత గట్టిగా తెలుసో, ఏది అనుమానమో విడదీసి చెప్పడం వాళ్ళ అలవాటు. ఐపీసీసీ అయితే తన ముఖ్యమైన నిర్ధారణలకి నమ్మకం ఎక్కువా, మధ్యస్థమా, తక్కువా అని తూకం కూడా రాస్తుంది. నాకు వాళ్ళ మీద గురి కుదిరింది ఇక్కడే.

పైలిన్ తుఫాను సంగతి కూడా చెప్పాలి. 2013 అక్టోబర్ 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, మన సోంపేట, ఇచ్ఛాపురం వైపు ఎంత టెన్షన్ పడ్డారో నీకు తెలుసు. విదేశీ నిపుణులు కొందరు ఇది 1999 నాటి ఒడిశా సూపర్ సైక్లోన్ లాంటిదే అన్నారు, మన వాతావరణ శాఖ తక్కువ చేసి చెబుతోందని విమర్శించారు. మనవాళ్ళు తమ అంచనా మార్చలేదు. తుఫాను వాళ్ళు చెప్పినట్టే వచ్చింది. ముందే లక్షలమందిని తరలించారు, 1999లో దాదాపు పది వేలమంది పోయిన చోట పైలిన్‌లో చనిపోయినవాళ్ళు యాభైకి లోపే. రేపటి తుఫాను చెప్పడం, ముప్పై ఏళ్ళ సగటు చెప్పడం ఒకే పని కాదు, అది నాకూ తెలుసు. కానీ రెండింటికీ పునాది ఆ కొలతలే.

కళింగపట్నం అబ్జర్వేటరీలాంటి చోట ఆ కొలత ఎలా తీస్తారో చూడు. ఆవరణలో తెల్ల రంగేసిన చెక్కపెట్టె, చుట్టూ ఏటవాలు చెక్కలు, గాలి ఆడుతుంది కానీ ఎండ లోపలికి పోదు. తలుపు ఉత్తరం వైపు పెడతారు, తెరిచినప్పుడు సూర్యుడు థర్మామీటర్ల మీద పడకూడదని. లోపల ఒక థర్మామీటర్ బల్బుకి తడి మస్లిన్ గుడ్డ చుట్టి ఉంటుంది, అది గాలిలో తేమ చెప్పడానికి. పొద్దున్న 8:30కి ముందురోజు వాన కొలత తీస్తారు, దేశమంతా అదే టైము. పండగనీ, ఆదివారమనీ ఉండదు. ఆ అంకెలు రాసే ఉద్యోగిని ఎవరూ క్లైమేట్ సైంటిస్ట్ అనరు, కానీ ఆయన పుస్తకం లేకపోతే ఏ సైంటిస్టూ లేడు. ఉగాదికి పంచాంగ శ్రవణంలో ఈ ఏడు మేఘాధిపతి ఎవరో మనం భక్తిగా వింటాం, ఏడాది చివర ఆ పంచాంగం ముందేసుకుని వాన లెక్క సరిచూసేవాళ్ళు మాత్రం ఉండరు. వాతావరణ శాఖ తన రుతుపవనాల అంచనాని అసలు వానతో పోల్చి, ఎంత తప్పిందో తనే అచ్చువేస్తుంది.

డబ్బు మాటకి ఒక్క ఉదాహరణ చాలు. రిచర్డ్ ముల్లర్ అనే బర్క్‌లీ ఫిజిక్స్ ప్రొఫెసర్ ఉష్ణోగ్రత రికార్డులన్నీ అనుమానంగా ఉన్నాయని మొత్తం మళ్ళీ లెక్క కట్టారు. దానికి డబ్బిచ్చినవాళ్ళలో చమురు వ్యాపారం చేసే కోక్ కుటుంబం ఫౌండేషన్ కూడా ఉంది. 2012లో ఆయన బయటికొచ్చి, వేడెక్కడం నిజమే, దాదాపు అంతా మనుషుల వల్లే అని రాశారు. డబ్బు ఎవరిదైనా థర్మామీటర్ అంకె మారదు.

ఇప్పుడు మీ ఇంజనీర్ గారి దగ్గరికి వెళ్ళు. వాదానికి దిగకు, మర్యాదగా ఒక్క ప్రశ్న అడుగు. సూర్యుడి వల్లే వేడెక్కితే పైన స్ట్రాటోస్ఫియర్ (మనం ఉండే గాలి పొరకి పైనున్న పొర) కూడా వేడెక్కాలి కదా. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే కింద వేడెక్కి పైన చల్లబడుతుందని మనాబే, వెదరాల్డ్ అనే శాస్త్రజ్ఞులు 1967లోనే లెక్క కట్టి చెప్పారు. తర్వాత బెలూన్లు, ఉపగ్రహాలు పెట్టి చూస్తే పైన నిజంగానే చల్లబడుతోంది. మనాబేకి 2021లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. మీ ఇంజనీర్ గారు దీనికి వేరే కారణం చూపించగలిగితే వినాలి మనం, కాలెండర్ మాట విన్నట్టే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటే మాత్రం నమస్కారం పెట్టి వచ్చెయ్.

ఆయన ఏమన్నారో నాకు రాయి. లెక్కలేమైనా ఇస్తే ఫోటో తీసి పంపు, సిరిమాను జాతరకి నువ్వొచ్చేలోగా నేను కూర్చుని చూసి ఉంచుతాను.

నీ
సూరి