బ్రిటన్ క్రీడల మంత్రి గారికి: గెలిచినా కిందికి దిగిన ఒక జట్టు గురించి

మంత్రి గారికి నమస్కారం.

తెలుగులో ఎందుకు రాస్తున్నానా అని మీకు అనుమానం రావచ్చు, ఈ ఉత్తరం మీదాకా వస్తే. మా ఊరి ఆడవాళ్ల ఫుట్‌బాల్ జట్టు డాంకాస్టర్ బెల్స్‌కి జరిగిన అన్యాయం గురించి 2013 నుంచి మీవాళ్లే చక్కటి ఇంగ్లిష్‌లో బోలెడు రాశారు, ఏం ఒరిగింది? నేనూ ఈమధ్య ఓ ఆఫీసుకు మూడు మెయిళ్లు పెట్టాను. ఏ ఆఫీసో చెప్పి వాళ్ల పరువు తీయను. మూడింటికీ ఒకటే జవాబు, "మీ మెయిల్ అందింది" అని. అందితే సంతోషం. ఇక నా భాషలో రాసుకుంటే కడుపుమంటైనా కాస్త చల్లారుతుందని మొదలుపెట్టాను.

నేను డాంకాస్టర్‌కి వచ్చిన కొత్తలోనే ఈ గొడవ జరిగింది. 2013 ఏప్రిల్. ఇంగ్లండ్ ఆడవాళ్ల పెద్ద లీగ్ అయిన సూపర్ లీగ్ సీజన్ అప్పుడే మొదలైంది, బెల్స్ ఆడింది ఒక్కటంటే ఒక్క మ్యాచ్. అంతలోనే ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్‌ని నడిపే ఫుట్‌బాల్ అసోసియేషన్ వాళ్లు వచ్చే ఏడాది మీరు రెండో డివిజన్‌లో ఆడాలని చెప్పేశారు. పై డివిజన్‌లోకి మాంచెస్టర్ సిటీని తీసుకున్నారు. సౌకర్యాలు, ఆర్థిక స్తోమత చూసి జట్లకి మార్కులేసి లైసెన్సులిచ్చిన ఆ లెక్కలన్నీ మీకు నాకంటే బాగా తెలుసు. నాకు అర్థంకానిదల్లా ఇంకా 13 మ్యాచ్‌లు మిగిలున్న జట్టుకి ఆ మాట ఎలా చెప్పగలిగారన్నదే. ఆ 13 గెలిచి కప్పు ఎత్తినా దిగిపోవాల్సిందే! మరి దేనికోసం ఆడాలండీ? పరీక్ష మొదటి పేపర్ రాసి బయటికొచ్చిన పిల్లని పిలిచి నువ్వు ఫెయిలమ్మా, మిగతా పేపర్లు కూడా రాసి వెళ్లు అన్నట్టుంది. క్లబ్ అప్పీలుకి వెళ్లింది. కొట్టేశారు. వాళ్లు పాపం సీజనంతా ఆడారు, ఆఖరి స్థానంలో మిగిలారు. ఆ మాట బుర్రలో పెట్టుకుని ఎవరు ఆడినా అంతే.

ఇంతకీ ఎవరినండీ పక్కకు నెట్టింది? 1969లో డాంకాస్టర్ రోవర్స్ పాత గ్రౌండ్ బెల్ వ్యూలో మగవాళ్ల మ్యాచ్‌లకి లాటరీ టికెట్లు అమ్ముకునే అమ్మాయిలు, స్టాండ్స్‌లో మెట్లెక్కి దిగి చిల్లర లెక్కపెట్టుకునేవాళ్లు, మనమూ ఆడదాం అనుకుని పెట్టుకున్న జట్టు ఇది. ఆడవాళ్ల ఫుట్‌బాల్ మీద 1921లో వేసిన నిషేధాన్ని అప్పటికింకా ఎత్తేయనే లేదు! ఆ నిషేధం వేసిందీ ఈ అసోసియేషనే, అది వేరే సంగతి (వేరే సంగతేం కాదులెండి). 1983 నుంచి 1994 దాకా 12 ఏళ్లలో 11 సార్లు ఆడవాళ్ల జాతీయ కప్ ఫైనల్‌కి వెళ్లారు, ఆరుసార్లు గెలిచారు. జాతీయ లీగ్ మొదటి సీజన్‌లో, 1991-92లో, ఆడిన 14కి 14 గెలిచారు. ఇంగ్లండ్ తరఫున 119 మ్యాచ్‌లాడిన జిలియన్ కూల్టర్డ్ ఈ జట్టు మనిషే, ఫ్యాక్టరీలో పని చేసుకుంటూ ఆడింది. మొన్న 2023 ప్రపంచకప్ ఫైనల్‌లో ఇంగ్లండ్ కెప్టెన్ మిల్లీ బ్రైట్, గోల్‌కీపర్ మేరీ ఎర్ప్స్ ఇద్దరూ ఒకప్పుడు బెల్స్‌లో ఆడినవాళ్లే. ఆ ఫైనల్ చూసి మీ నాయకులంతా ట్వీట్లు పెట్టారు కదా.

సరే, 2013 పాత కథ అంటారా. 2018 చూడండి. 2017-18లో రెండో డివిజన్‌లో బెల్స్ మొదటి స్థానంలో నిలిచింది. ఛాంపియన్! కానీ కొత్త లైసెన్సు నిబంధనలకు సరిపడా డబ్బు లేక మూడో డివిజన్‌కి దిగిపోయింది. అదే ఏడాది అప్పుడే పుట్టిన మాంచెస్టర్ యునైటెడ్ ఆడవాళ్ల జట్టు నేరుగా రెండో డివిజన్‌లో దిగింది. ఆ తర్వాత బెల్స్ నాలుగో అంచెకీ జారింది. మా అమ్మాయి పదకొండేళ్లది, ఆదివారం ప్రాక్టీస్ నుంచి వస్తూ కార్లో బురద షూస్ విప్పుకుంటూ అడిగింది, "నాన్నా, ఫస్ట్ వచ్చినవాళ్లు కిందికెందుకు వెళ్లారు?" అని. డబ్బుల్లేక అన్నాను. "అయితే ఫస్ట్ ఎందుకు రావడం?" అంది. సిగ్నల్ దగ్గర ఎర్రలైటు కేసి చూస్తూ కూర్చున్నాను, ఏం చెప్పను.

బెల్స్ ఒక్కటే అయినా ఊరుకునేవాణ్ని. 2017లో నాట్స్ కౌంటీ ఆడవాళ్ల జట్టుని సీజన్ మొదలయ్యే ముందు మూసేశారు. 2024లో రెడింగ్ ఐదో అంచెకి పోయింది. 2025లో బ్లాక్‌బర్న్ రెండో డివిజన్ నుంచి తప్పుకుంది. క్లబ్బులు ఇలా కూలిపోకుండా చూడ్డానికే కదా మీ ప్రభుత్వం 2025లో ఫుట్‌బాల్ గవర్నెన్స్ చట్టం తెచ్చి, క్లబ్బుల మీద నిఘా పెట్టే రెగ్యులేటర్‌ని పెట్టి, చప్పట్లు కొట్టించుకుంది? చాలా మంచిపని, నిజంగానే అంటున్నాను. కాకపోతే అది మగవాళ్ల పై ఐదు అంచెలకే. ఆడవాళ్ల క్లబ్బులు ఆ గొడుగు బయటే తడవాలి. ఏ లీగులు ఆ చట్టం కిందికి రావాలో తేల్చేది మీ ప్రభుత్వమే కాబట్టి, మావల్ల కాదు, మా చేతుల్లో లేదు అనే మాట మాత్రం దయచేసి అనొద్దు. ఆ జాబితాలో ఆడవాళ్ల లీగుల్ని చేర్చండి. సీజన్ మధ్యలో ఎవర్నీ కిందికి దింపకూడదని ఒక్క ముక్క రాయించండి. గెలిచిన జట్టు డబ్బుల్లేక దిగిపోయే పరిస్థితొస్తే కాస్త చెయ్యి అందించే ఏర్పాటేదైనా చూడండి. ఎలాగో నాకు తెలీదు, అది తెలిసినవాళ్లు మీ దగ్గర చాలామంది ఉంటారు.

జవాబు ఇంగ్లిష్‌లో ఇచ్చినా పర్లేదు. మా అమ్మాయికి నేను చదివి చెప్తాను. "అందింది" అని మాత్రం రాయకండి, అది ఇప్పటికే మూడుసార్లు చదివాను.

ఇట్లు,
డాంకాస్టర్‌లో ఉండే ఓ తెలుగు తండ్రి